ఇనుప రైక

లింగంపల్లిలో మేము అద్దెకున్నది మేడ మీద ఒంటిగది. మేము అంటే నేనూ, ఇంకో అమ్మాయీ. ఆమె అమీర్‌పేటలో కంప్యూటరు పాఠాలు చెప్పేది. పెళ్లి కుదిరాక, పనికి దగ్గరగా ఉంటుందని వాళ్ల పిన్నిగారింటికి మారిపోయింది. వెళ్లేరోజున నా భుజం తట్టి, "నీకేంటే, ఇక గదంతా నీదే" అంది. నిజమే, గదంతా నాదే అయింది. ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీద నేను కూర్చునేదాన్ని, రెండోదాని మీద ఉతికిన బట్టలు కూర్చునేవి.

ఆమె వెళ్లాక నా పెట్టె అడుక్కి చేరిపోయిన వస్తువు ఒకటుంది. పట్టుచీర మీదికి కుట్టించుకున్న జాకెట్టు. ఇద్దరం ఒకే దర్జీ దగ్గర ఒకే రోజున కుట్టించుకున్నాం, ముచ్చటపడి వెనక హుక్కులు పెట్టించుకున్నాం. ఆమెవి నేను పెట్టేదాన్ని, నావి ఆమె పెట్టేది. ఇప్పుడు వీపు మీదికి చేతులు మెలితిప్పి మెలితిప్పి ఒకటో రెండో పెట్టుకోగలిగేదాన్నేమో, మిగతావి నావల్ల అయ్యేవి కావు. నేను చదివింది ఫిజియోథెరపీ. భుజం కీలు ఎటు ఎంత తిరుగుతుందో పదిమందికి చెప్పి జీతం తీసుకునే మనిషిని. అయినా నా వీపు నాకు అందేది కాదు.

అప్పటికి తొంభైల చివరికి వచ్చేశాం. బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో పని నాది. నడుం బెల్టులు, మెడ పట్టీలు, చంక కర్రలు చేసేవాళ్లు. యజమానిని అందరం సారు అనేవాళ్లం. మా గోదావరి వైపు మనిషే, చదివింది ఇంజనీరింగు, మనసు నిండా స్ప్రింగులు. బరువులెత్తే కార్మికులు ఒంటికి తొడుక్కునే చట్రం బొమ్మ ఒకటి ఏదో విదేశీ పత్రికలో చూశారట. ఆ పేజీ కత్తిరించి బల్ల అద్దం కింద పెట్టుకుని, దాన్ని చూస్తూ చూస్తూ తానే ఒకటి తయారు చేశారు. వీపు మీద రెండు ఉక్కు పట్టీలు, నడుముకు అటూ ఇటూ స్ప్రింగులు, తొడల చుట్టూ తోలు పట్టాలు, వీపు వెనక బకుల్సు. వంగినప్పుడు స్ప్రింగులు సాగుతాయి, లేచేటప్పుడు మనిషిని పైకి లాగుతాయి. నడుము మీద పడే భారంలో కొంత అవి మోస్తాయన్నమాట.

"మన కూలీల నడుములు కాపాడేది ఇదేనమ్మా. నువ్వు వెళ్లి పరీక్ష చేసి, పనికొస్తుందా లేదా, ప్రమాదమేమైనా ఉందా, రెండే రెండు ముక్కల్లో రాసి పట్రా" అన్నారు.

పరీక్ష చేయడానికి దొరికిన చోటు మాదాపూర్. పేపర్లన్నీ ఫోటోలు వేస్తున్న పెద్ద భవనానికి కాస్త ఇవతల, ఇంకో ఆఫీసు భవనం లేస్తోంది. ఆ కాంట్రాక్టరు సారుకు తెలిసినవాడు. నేను పొద్దున్నే లింగంపల్లిలో బస్సెక్కి కొత్తగూడ చౌరస్తాలో దిగి, అక్కణ్నుంచి సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని వెళ్లేదాన్ని. ఏడుగురు కూర్చునే బండిలో పన్నెండుగురు కూర్చునేవాళ్లు. రోజు మొత్తంలో ఇంకో మనిషి భుజం నా భుజానికి తగిలేది అక్కడే. దిగాక అటూ ఇటూ బండరాళ్లు, మధ్యలో ఎర్రమట్టి రోడ్డు. రాళ్లు పగలగొట్టే మందు పేల్చే ముందు ఒకతను ఈల ఊదుకుంటూ పరుగెత్తేవాడు, మేమందరం ఆగిపోయేవాళ్లం.

మగవాళ్లతో మొదలుపెట్టాను. సిమెంటు బస్తాలు మోసే ఆరుగురికి ఒకరి తర్వాత ఒకరికి తొడిగాను. ఒకడు వేడి అన్నాడు, ఒకడు చంకలో ఒరుసుకుంటోందన్నాడు. మూడోవాడు దాంతో చిందేసి అందర్నీ నవ్వించాడు. మధ్యాహ్నానికి ఒక్కడూ మళ్లీ తొడుక్కుంటాననలేదు. "గది మాకొద్దు మేడం, పెండ్లి ఎద్దుల లెక్క ఉన్నం" అని చేతులెత్తి దండం పెట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. మీ నడుములు, మీ ఇష్టం అని చట్రం సంచిలో కుక్కి, రేకుల షెడ్డులో కూర్చుని టిఫిను బాక్సు తెరిచాను. అప్పుడొచ్చారు ఆ ఇద్దరూ.

ఇద్దరూ పాలమూరు వైపు వాళ్లు, వదినా ఆడబిడ్డలు. వదిన పెద్దది, జుట్టు నెరిసింది, మొగుడు పోయాడు. ఆడబిడ్డ ఆ పోయినాయన చెల్లెలు. మొగుడితో వేగలేక వదిలేసి వచ్చేసింది. ఇసుకా, కలిపిన సిమెంటు మాలూ తట్టల్లో నెత్తిన పెట్టుకుని పై అంతస్తులకు మోసేవాళ్లు. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, నెత్తిన చుట్టబట్ట. సైటు వెనక ఒక రేకుల గుడిసెలో ఇద్దరే ఉండేవాళ్లు. వదినా ఆడబిడ్డలంటే ఎలా ఉండాలని లోకం అనుకుంటుందో అలాగే ఉండేవాళ్లు, అంటే పొద్దస్తమానం కీచులాడుకునేవాళ్లు. ఉప్పెక్కువైందని ఒకామె, నీ నోరే ఉప్పని ఇంకో ఆమె. తినేది మాత్రం ఒకే పళ్లెంలో.

ఆ రోజు మాట్లాడింది ఆడబిడ్డ. "దాక్తరమ్మా, గా ఇనుప రైక మా వదినెకు తొడుగు జర."

"నేను డాక్టర్ని కాదమ్మా" అన్నాను. ఆ ముక్క ఆ సైటులో రోజూ చెప్పేదాన్ని, ఒక్కరూ వినేవాళ్లు కాదు.

"ఎవలైతేంది. వదినెకు నడుం పట్టేసింది. మోస్తది గని వంగనీకి రాదు. మేస్త్రి ఊరికి పొమ్మంటుండు. గది తొడుక్కుంటె వంగుతది, లేస్తది అని మేస్త్రికి సూపియ్యి. వదినెను పంపుతె నేనొక్కదాన్నే ఏం జేయాలె?"

వదిన గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. నేనే అడిగాను, ఊళ్లో ఎవరున్నారని.

"ఊర్ల ఏమున్నది బిడ్డా," అంది. "తాళమున్నది."

పరీక్ష చేసి చూశాను. కాళ్లలో తిమ్మిరి లేదు, బలం తగ్గలేదు. కండరాలు పట్టేశాయి, అలిసిపోయాయి, అంతే. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోవాలన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వుకు నాకు కోపం కూడా రాలేదు. సరే రేపు పొద్దున్నే రండి అన్నాను.

మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు. "పని జేస్తె ఉంచుత మేడం. నాకేం పగనా? నడుం లేనోళ్లని పెట్టుకుంటె సెంట్రింగోళ్లు నన్ను తిడ్తరు" అన్నాడు. అలా ఆ ముసలామె ఆ సైటులో ఉండడమో, తాళం వేసిన ఇంటికి పోవడమో నా చేతిలోని ఇనుప చట్రం మీద పడింది. నాకది బరువుగానే తోచింది. కానీ నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది. నేను ఎప్పుడొస్తానా అని ఎదురుచూసే మనుషులు ఇద్దరు దొరికారు కదా.

చట్రం మగవాళ్ల కొలతలకు చేసింది. పట్టాలు కత్తిరించి, కొత్త బెజ్జాలు పొడిచి ఆమెకు సరిపెట్టాను. ఆమె చీర గోచి పోసి కట్టుకునేది కాబట్టి తొడ పట్టాలు బాగానే కూర్చున్నాయి. రోజూ పొద్దున నేనే వీపు వెనక బకుల్సు పెట్టేదాన్ని. భుజాల దగ్గర బిగుస్తోందా, ఊపిరి ఆడుతుందా, నొప్పి ఎంత ఉంది, ఇవన్నీ అడిగేదాన్ని. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయించాలని సారు పత్రికలో ఉంది. ఆమెకు మూడే మాటలుండేవి: లేదు, జర ఉన్నది, మస్తున్నది. వారం తిరగకుండానే "మస్తున్నది" పోయి "జర ఉన్నది" వచ్చింది.

కానీ పరీక్ష మాత్రం ముందుకు సాగలేదు, ఆడబిడ్డ చెయ్యి వల్ల.

తట్ట మోసేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. నీ తట్ట నువ్వు ఎత్తుకోవు. అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి వేసి ఇంకొకరు నీ నెత్తికెత్తుతారు. నీ తర్వాత వాళ్లకు నువ్వు ఎత్తుతావు. అందుకే అక్కడ ఎవరిని చూసినా జోడీగానే కనిపించేవాళ్లు. ఈ ఇద్దరిదీ ఏళ్ల నాటి జోడీ. ఒకామె వంగిందంటే రెండో ఆమె చెయ్యి దానంతటది వచ్చేసేది. మాట్లాడుకోకపోయినా వచ్చేది. పోట్లాడుకుని మొహాలు అటొకటి ఇటొకటి పెట్టుకున్నా వచ్చేది.

నాకేమో, చట్రం ఉంటే మనిషి ఒక్కతే తట్ట ఎత్తగలదా లేదా అన్నది తేలాలి. పక్కనుంచి ఇంకో చెయ్యి సాయం పట్టాక స్ప్రింగు ఎంత మోసిందో, ఆడబిడ్డ ఎంత మోసిందో ఎవరు చెప్పగలరు?

"నువ్వు ముట్టుకోకమ్మా" అన్నాను.

"నేనేడ ముట్టిన దాక్తరమ్మా?"

"మరి ఆ చెయ్యేంటి?"

ఆమె తట్ట అంచు పట్టుకున్న తన చేతిని తానే కొత్తగా చూసింది. "అరె" అని వెనక్కి లాక్కుంది. మళ్లీ తట్టకు మళ్లీ అదే. రెండు చేతులూ వెనక్కి కట్టుకోమన్నాను. కట్టుకుంది. వదిన వంగగానే ఆ కట్టు ఊడిపోయింది. నీళ్ల బిందె ఇచ్చి పట్టుకోమన్నాను. బిందె కిందపెట్టి మరీ వచ్చింది. "నువ్వు పరీక్ష చెడగొడుతున్నావు, తెలుసా? మీ వదిన ఉండాలా పోవాలా?" అని గట్టిగా అరిచేశాను. వదిన ముసిముసిగా నవ్వుతోంది. "గది గంతే బిడ్డా. దాని చెయ్యికి చెవులు లెవ్వు" అంది.

చివరికి ఆడబిడ్డను ర్యాంపు అవతలికి, ఇసుక కుప్ప కనబడని చోటికి పంపేశాను. అప్పుడు తేలింది. ముసలామె గొంతుక్కూర్చుని, తట్ట మోకాలి మీదికి తెచ్చుకుని, స్ప్రింగులు కిర్రుమంటుంటే లేచి నిలబడింది, తట్ట తానే నెత్తికెత్తుకుంది. నేను చప్పట్లు కొట్టాను. పై అంతస్తు నుంచి చూస్తున్న మేస్త్రి కూడా కొట్టాడు. ఆడబిడ్డ ర్యాంపు పక్కనుంచి తొంగిచూసి, "సూసినవా మేస్త్రీ, మా వదినె!" అని కేక పెట్టింది. ఆ రోజు వాళ్ల పళ్లెంలోంచి నాకో ముద్ద పెట్టారు. గడ్డపెరుగూ పచ్చిమిరపకాయా. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. మిరపకాయ ఘాటని చెప్పాను, సగం అబద్ధం.

మర్నాడు వెళ్లేసరికి ఆడబిడ్డ లేదు.

కాంట్రాక్టరుకు రాయదుర్గంలో ఇంకో పని మొదలైంది. అక్కడ మనుషులు కావాలి. ఇక్కడ ముసలామె ఒక్కతే తట్ట ఎత్తుకుంటోంది, ఇక రెండో మనిషి ఎందుకని మేస్త్రి పొద్దున్నే ఆడబిడ్డను లారీ ఎక్కించి పంపేశాడు. ఎక్కడ పనో అక్కడే గుడిసె. అంటే రాత్రి పడుకోవడం కూడా అక్కడే.

నేను మేస్త్రి మీదికి వెళ్లాను. "ఆమెను ఉంచుతానన్నావు కదా?"

"ఉంచిన గద మేడం. ముసలామె ఈడనే ఉన్నది. జోడి ఉంచుత అన్ననా?" అన్నాడు. వాడి మాట వాడు తప్పలేదు, నిజమే. తప్పి ఉంటే నాలుగు తిట్టి మనసు కడుక్కునేదాన్ని.

ఇందులో నా తప్పేమీ లేదు. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను. పరీక్ష అలాగే చేయాలి. ఆ చెయ్యిని అవతలికి పంపకపోతే ముసలామె ఊరికి పోయేది. పంపితే ఇదయింది. కొన్ని పనులంతే, ఎటు తిప్పినా ఒక మనిషి తక్కువే తేలుతుంది.

చట్రం మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. నొప్పి "జర ఉన్నది" నుంచి "లేదు" దాకా వచ్చింది. తట్టలూ తగ్గలేదు. కాకపోతే ఆమె మాట్లాడడం మానేసింది. కీచులాడడానికి మనిషి లేదు మరి. మధ్యాహ్నం ఇసుక కుప్ప నీడలో పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది, సగానికి అవతల ఎవరో తింటున్నట్టు ఇవతలి సగమే తినేది. నేను షెడ్డులో బాక్సు ముందు కూర్చుని అది చూసేదాన్ని. మొదటి రెండు రోజులూ అలా ఎవరి చోట వాళ్లం తిన్నాం. మూడోనాడు నా బాక్సు పట్టుకుని వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఉప్పెక్కువైందని అందామనుకున్నాను, ఆ హక్కు నాకెక్కడిది అనిపించి ఊరుకున్నాను.

"బిడ్డా, నీతోని ఎవలుంటరు?" అని ఆమే అడిగింది.

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే."

"వండుకునేది?"

"ఒక్కదానికే."

ఆమె నన్ను చూసి, "గట్లనా" అంది. జాలిగా అనలేదు. ఏదో ఊరి పేరు చెబితే ఆ ఊరు తనకూ తెలుసన్నట్టు అంది.

ఒకరోజు సారు రమ్మంటే పొద్దున బాలానగర్ వెళ్లి, మాదాపూర్ చేరేసరికి ఆలస్యమైంది. అందరూ భోజనాలకు పోయారు, మిక్సర్ ఆగిపోయి ఉంది. ముసలామె ఎక్కడా కనబడలేదు. పొద్దున చట్రం ఎవరు తొడిగారంటే, నీళ్లు పట్టే ఆమె ఎవరో బకుల్సు పెట్టి పోయిందట. వెతుక్కుంటూ వెనకవైపు ఇసుక కుప్ప దగ్గరికి వెళ్లాను. అక్కడ గొంతుక్కూర్చుని ఉంది, ముందు తట్ట, రెండు చేతులూ మోకాళ్ల మీద.

"ఏం చేస్తున్నావమ్మా ఇక్కడ?"

"కూసున్న బిడ్డా."

"భోజనానికి పోలేదా?"

"ఎట్ల పోవాలె? ఇప్పెటోళ్లు లేరు."

వంగి చూస్తే తెలిసింది. నడుము దగ్గర స్ప్రింగు కొక్కెంలోకి సెంట్రింగు తీగ ముక్క ఒకటి దూరి కీలు పట్టేసింది. మనిషి లేవలేదు. విప్పుకుందామంటే బకుల్సు వీపు వెనక, చెయ్యి అందదు. మందు పేల్చే చప్పుళ్లలో పిలిచినా ఎవరికీ వినబడలేదు. కాసేపు పిలిచి ఇక మానేసిందట. ఎండ నెత్తి మీదికి వచ్చి ఉంది. నేను గబగబా బకుల్సు విప్పాను. ఆ బండరాళ్లు పేల్చేది ఇవతలివైపై ఉంటే, పైనుంచి ఏ చెక్కో జారి ఉంటే అనుకున్నాను. కాళ్లు తిమ్మిరెక్కి చాలాసేపు నిలబడలేకపోయింది. నీళ్లు తాగించి, పాదాలు ఒత్తి, నీడకు తీసుకెళ్లాను. నన్ను ఓదారుస్తున్నట్టు, "ఏం గాలే బిడ్డా, పరేషాన్ గాకు" అంటూనే ఉంది.

ఆ రాత్రి సారుకు కావలసిన రెండు ముక్కలూ రాశాను. పనికొస్తుందా అంటే వస్తుంది, నడుము మీది భారం నిజంగానే తగ్గిస్తుంది. ప్రమాదముందా అంటే ఉంది, మనిషి ఒంటరిగా ఉంటే. అందుకని ఇది తొడుక్కున్నవాళ్ల పక్కన ఎప్పుడూ రెండో మనిషి ఉండాలి, జోడీలను విడదీయకూడదు అని రాసి కింద గీత గీశాను. అది రాసినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఈ కాగితం చూపిస్తే సారు కాంట్రాక్టరుకు చెబుతారు, కాంట్రాక్టరు మేస్త్రికి చెబుతాడు, ఆడబిడ్డ లారీ దిగి వస్తుంది. దారి అంతా కళ్లకు కట్టినట్టు కనబడింది.

సారు చదివి ముచ్చటపడిపోయారు. "మంచి పాయింటు పట్టుకున్నావమ్మా! ఇది నాకు తట్టనే లేదు చూడు" అన్నారు. వారం తిరగకుండా కొత్త చట్రం ఇచ్చారు. బకుల్సు వెనక నుంచి తీసేసి ముందు, పొట్ట మీద పెట్టించారు. స్ప్రింగు కొక్కేలకు రేకు మూతలు వేయించారు.

"ఇప్పుడు ఎవరికి వాళ్లే తొడుక్కోవచ్చు, విప్పుకోవచ్చు. ఇక రెండో మనిషితో పనే లేదు."

"సార్, నేను రాసింది బకుల్సు గురించి కాదండీ."

"మరి దేని గురించమ్మా?"

ఆయన నిజంగానే అడిగారు. మంచి మనిషి, ఎగతాళి చేయడం రాదు. ఫ్యాను తిరుగుతోంది, అద్దం కింద ఆ విదేశీ పేజీలో చట్రం తొడుక్కున్న తెల్లతను ఒక్కడే నిలబడి నవ్వుతున్నాడు. ఇంజనీరింగు భాషలో చెప్పగలిగేది నా దగ్గర ఏమీ లేకపోయింది. "ఏం లేదండీ" అని చట్రం సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ చట్రం మాదాపూర్ తీసుకెళ్లిన రోజే నా పాత గది స్నేహితురాలి పెళ్లి రిసెప్షన్. సాయంత్రం అమీర్‌పేటలో. లింగంపల్లి తిరిగివెళ్లి తయారయ్యే వ్యవధి లేదు, అందుకని పొద్దున్నే పట్టుచీర కట్టుకుని బయల్దేరాను. పెట్టె అడుగునున్న జాకెట్టు కూడా తీశాను. దాని జోడు ఆమె దగ్గరుంది కదా, ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు? గోడకానుకుని, మంచానికానుకుని, నన్ను నేను తిట్టుకుని, కింది హుక్కులు రెండు పెట్టుకోగలిగాను. పైన మూడూ అలాగే వదిలేసి, కొంగు వీపు చుట్టూ కప్పుకుని బస్సెక్కాను. దారి పొడుగునా కొంగు వదల్లేదు.

సైటులో నన్ను చూసి మేస్త్రి, "ఏంది మేడం, పెండ్లా?" అన్నాడు. నాది కాదులే అన్నాను.

కొత్త చట్రం ముసలామె తానే తొడుక్కుంది. టక్, టక్, టక్. తానే విప్పుకుంది. మళ్లీ తొడుక్కుంది. తట్ట ఎత్తుకుని పైదాకా పోయి వచ్చింది. మేస్త్రి మురిసిపోయాడు. "ఇగ ఫికర్ లేదు. గిసువంటియి ఇంకో పది తెప్పియ్యి మేడం" అని పైకి పోయాడు.

మేమిద్దరమే మిగిలాక ఆమె బకుల్సు విప్పి, చట్రాన్ని బల్ల మీద మెల్లగా పెట్టింది.

"మంచిగున్నది బిడ్డా. మంచిగ జేసిన్రు. నేను పోతున్న."

"ఊరికా?" అన్నాను.

"ఊరికెందుకు? రాయదుర్గం. మా ఆడిబిడ్డ ఆడి మేస్త్రితోని కొట్లాట పెట్టుకుని ఒప్పిచ్చింది. గోడలకు నీళ్లు కొట్టే పని. పైసలు తక్కువనే, గని పైపు పట్టుకుంటె వంగుడుండదు. తట్టకు దానికి చెయ్యి ఇయ్యలేను. గని తినేటప్పుడు, పండేటప్పుడు ఉంట గద."

"నొప్పి తగ్గింది కదమ్మా. ఇది తొడుక్కుంటే ఇక్కడే ఎక్కువ వస్తుంది కదా" అన్నాను. అనాల్సిన మాట కాబట్టి అన్నాను.

"తగ్గింది. అబద్ధం ఎందుకు చెప్తా? నీ రైక మంచిదే." చట్రం మీది ఇసుక కొంగుతో తుడిచింది. "ఎవల్లేనోళ్లకు మంచిది బిడ్డా. నాకు ఉన్నది గద."

చట్రం సంచిలో పెడదామని వంగాను. పొద్దుట్నుంచి అంత జాగ్రత్తగా పట్టుకున్న కొంగు అప్పుడు జారింది.

లేచి సర్దుకునే లోపే నా వీపు మీద చెయ్యి పడింది. ఇసుకకు గరుకెక్కిన వేళ్లు. నేను అడగలేదు. ఆమె కూడా ఏమిటని అడగలేదు. పై హుక్కు, దాని కింది హుక్కు, ఆ కిందిది, ఒక్కొక్కటీ నిమ్మళంగా పెట్టి, అంచులు సరిచేసి, కొంగు తీసి భుజం మీద వేసింది.

"కొక్కేలు ఎన్క పెట్టిచ్చుకున్నవంటె," అంది, "కుట్టిచ్చిన దినం ఎవలో ఉండిరన్నట్టే గద బిడ్డా."

నేను ఏడ్చాను. పట్టుచీరలో, రేకుల షెడ్డులో, సిమెంటు బస్తాల మధ్య నిలబడి ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆమె ఊరుకోబెట్టలేదు. పక్కన నిలబడింది, అంతే. తర్వాత చుట్టబట్ట దులుపుకుని, మూట చంకన పెట్టుకుని, రాళ్ల మధ్య రోడ్డు మీద రాయదుర్గం వైపు నడుచుకుంటూ పోయింది. నడుము కొంచెం వంగి ఉంది. చట్రం ఉండి ఉంటే నిటారుగా నడిచేది.

సాయంత్రం అమీర్‌పేటలో పెళ్లికూతురు స్టేజీ మీద నన్ను కౌగిలించుకుంది. వీపు తడిమి చూసి, "ఎవరు పెట్టారే?" అని చెవిలో అడిగింది. "ఉన్నార్లే" అన్నాను. ఆమెకు సంతోషం వేసినట్టుంది. తర్వాత ఎవరో ఫోటోకు పిలిస్తే అటు తిరిగింది.

గదికి వచ్చి తాళం తీశాను. చీర మార్చుకుని, కుర్చీ మీది బట్టలు మంచం మీదికి వేసి కూర్చున్నాను. జాకెట్టు అలాగే ఉంది. చెయ్యి వెనక్కి పెట్టి గట్టిగా లాగితే హుక్కులు వచ్చేవే, పెట్టడం కష్టం కానీ తీయడం అంత కష్టం కాదు. లాగలేదు. ఆ జాకెట్టుతోనే పడుకున్నాను.